పాత ఆయుధం – పనివాని నేర్పు

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం ప్రాంతం నర్సరీలకు పేరెన్నిక గన్నది. అక్కడ మొక్కలకు అంటు కట్టే పనివాని నేర్పు, కొమ్మను ఎక్కడ, ఎంతవరకు కోయాలో తెలియడంలో ఉంది. కత్తి అవసరానికి మించి దిగితే మొక్క బ్రతకదు. పాత ఆయుధాలను బాగుచేసే వృత్తికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. శిథిలమైన ఒక రివాల్వరును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వరుకు పేటెంటు పొందాడు. తూటాలు ఉంచే అరలు గల గుండ్రని భాగం, ఒక్కొక్క అర గొట్టానికి ఎదురుగా వచ్చేటట్లు తిరగడం దీని ప్రత్యేకత. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో తయారైన వెబ్లీ రివాల్వరును బ్రిటిష్ ప్రభుత్వం 1887లో తన సైన్యానికి స్వీకరించింది. బ్రిటిష్ పాలన కాలంలో అటువంటి ఆయుధాలు మన దేశానికీ వచ్చాయి.

ఏళ్ల తరబడి పెట్టెలో మూలబడిన రివాల్వరుకు తేమ వలన తుప్పు పడుతుంది. స్ప్రింగులు బలహీనపడతాయి. తూటా ఉన్న అర గొట్టంతో సూటిగా కలవకపోతే పేల్చేవానికే ప్రాణాపాయం. అందుచేత నిపుణుడు మొదట ఆయుధంలో తూటాలు లేవని నిర్ధారించుకొంటాడు. ఆ తరువాతనే భాగాలను విడదీసి, వాటి అరుగుదలను గమనిస్తాడు. తుప్పును మెల్లగా తొలగించి, పనికిరాని భాగాన్ని మాత్రమే మారుస్తాడు.

తొందరపడి సానపట్టడం పెద్ద పొరపాటు. లోహం తళతళ మెరుస్తుంది గాని, తయారీదారు ముద్రలు, సంఖ్యలు చెరిగిపోతాయి. ఆ ఆయుధం ఎక్కడ పుట్టినదీ, ఏ కాలానిదీ తెలిపే ఆధారాలు అవే. వాటితోపాటు చరిత్ర కూడా తుడిచిపెట్టుకొని పోతుంది. అంతేకాదు, గుర్తింపు ముద్రలను చెరిపివేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

ఆ చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండటానికి లైసెన్సు అవసరం. దానిని బాగుచేసే వ్యాపారానికి కూడా లైసెన్సు ఉండాలి. మరమ్మతు చేసినా, చేయకున్నా పేల్చడానికి వీలుకాని పురాతన ఆయుధానికి మాత్రమే మినహాయింపు లభిస్తుంది. కనుక తాతల నాటి వస్తువైనా, మరమ్మతుతో పేలగలిగితే అది చట్టానికి లోబడిన ఆయుధమే. లైసెన్సు గడువు తీరితే దానిని ఆలస్యం చేయక పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించాలి.

పూర్వుల వస్తువుపై మమకారం సహజం. ఆ మమకారం చట్టాన్ని మీరరాదు. నిపుణుని నేర్పు చరిత్రను చెరపరాదు. పాతదానిని కొత్తదిగా మార్చడం కంటే, దాని పాతదనాన్ని చెడకుండా నిలపడమే కష్టమైన పని.

ప్రశ్నలు
1. సానపట్టడం వలన కలిగే నష్టమేమి?
2. ఏ ఆయుధానికి చట్టం మినహాయింపు ఇస్తుంది?