తుప్పు పట్టిన తలుపు

ఇనుము బలమైన లోహము. కాని నీరు, గాలి రెండును కలిసి దానిని చేరినచో ఆ బలము నిలువదు. గాలిలోని ప్రాణవాయువు నీటి తోడ్పాటున ఇనుముతో సంయోగము చెందగా తుప్పు ఏర్పడును. ఉప్పు ఈ పనిని మరింత త్వరపరచును. కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపట్టణములలో బండ్ల రేకులు త్వరగా చెడుటకు ఇదియే కారణము.

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కారును ఎరుగని పెద్దలు మన దేశమున అరుదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు దానికి మాతృక. 2014వ సంవత్సరమున దాని ఉత్పత్తి ఆగిపోయినది. అయినను పాత అంబాసిడర్లను ప్రీతితో కాపాడుకొనుచు, ఇంటి ముంగిటనే బాగుచేసికొనువారు నేటికిని కలరు. వారు ముందుగా గెలువవలసిన శత్రువు తుప్పు.

కారు తలుపు ఒంటి రేకు కాదు. వెలుపలి రేకును, లోపలి రేకును అంచులయందు కలిపి మడతురు. నడుమ బోలుగా ఉండును. వాననీరు అద్దము ప్రక్కనుండి ఆ బోలులోనికి దిగును. ఆ నీరు బయటికి పోవుటకై తలుపు అడుగున చిన్న రంధ్రములు ఉంచుదురు. దుమ్ము, ఎండుటాకులు చేరి అవి మూసికొనిపోయినచో నీరు లోపలనే నిలిచి రేకును తినివేయును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమించును గనుక పైరంగు పొక్కులుగా లేచును. పొక్కు కంటబడునాటికి లోపల చాల నష్టము జరిగియుండును.

ఇప్పుడు బాగుచేయువాని యెదుట రెండు దారులు కలవు. పొక్కును గీకి, చిల్లును పుట్టీతో పూడ్చి, పైన రంగు వేయుట సులభమైన దారి. ఒకటి రెండు దినములలో తలుపు తళతళలాడును. కాని పుట్టీకి రేకు బలము లేదు. దాని చాటున తుప్పు తన పని తాను చేసికొనుచునే యుండును. కొన్ని వానలకే పుట్టీ పెచ్చులుగా ఊడిపోవును.

రెండవ దారి కష్టమైనది. ముందుగా బ్యాటరీ తీగను విప్పవలెను. తలుపును ఊడదీయుటకు ముందు మడతబందుల చుట్టును గీతలు గీసి గుర్తు పెట్టుకొనవలెను. తలుపు బరువైనది గనుక ఇద్దరు పట్టుకొనవలెను. పిమ్మట పిడిని, అద్దమును, లోపలి అట్టను తీసి, మరలను వేరువేరు డబ్బాలలో భద్రపరుపవలెను. రేకును సుత్తితో మెల్లగా తట్టినచో మంచిచోట ఖంగుమనును; పుచ్చినచోట బొద్దుగా మ్రోగును. పుచ్చిన భాగమును మంచి లోహము తగులువరకు కోసివేసి, అంతే మందముగల క్రొత్త రేకును అతుకవలెను. ఒకేచోట వేడి సోకినచో పలుచని రేకు వంకర తిరుగును. కావున దూరదూరముగా చుక్కలు చుక్కలుగా వెల్డింగు చేయుదురు. ఇది పని నేర్చినవారు మాత్రమే చేయదగినది.

అతుకును అరగదీసిన తరువాతనే పుట్టీ పలుచగా పూయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఆ పొడి ఊపిరితో లోనికి పోరాదు. అందుచేత ముక్కునకు ముసుగు ధరించి, వాటరు పేపరును నీటిలో తడిపి రుద్దుదురు. బాగుగా ఆరిన పిమ్మట ప్రైమరు, దానిపైన రంగు పలుచని పొరలుగా వేయుదురు. కడపట తలుపు లోపల తుప్పును ఆపు మైనమును చల్లి, అడుగు రంధ్రములు తెరచియున్నవో లేవో చూడవలెను.

తలుపు క్రింది గడప పుచ్చినచో జాగ్రత్త ఇంకను ఎక్కువ కావలెను. అంబాసిడరుకు విడిగా చట్రము లేదు. రేకు శరీరమే భారమును మోయును. ఆధారము లేకుండ గడపను కోసినచో కారు నడుము క్రుంగి, తలుపు మరల మూయబడదు. కావున క్రింద దిమ్మలు నిలిపి, ఒక్కొక్క ప్రక్కనే కోసి, తలుపును తగిలించి, సందులు సరిగా ఉన్నవని చూచిన తరువాతనే అతుకు పూర్తిచేయుదురు.

“పైన పటారము, లోన లొటారము” అని పెద్దల సామెత. కొన్నవానికి కంటబడునది రంగు మాత్రమే. కాని ప్రమాదవేళ లోపల కూర్చున్నవారిని కాపాడునది రంగు కాదు. ఎవరికిని కనబడని ఆ గడప, ఆ రేకు. ఎవరును చూడనిచోట సరిగా చేసిన పనియే పని.