యంత్రపు కన్ను, మనుష్యుని తీర్పు

రక్షణ పరిశ్రమ సైనికులకు, ఇంజనీర్లకు సంబంధించినదే కాని పరిటాల వంటి గ్రామములకు దానితో పని లేదని పలువురు తలంతురు. ఆ కాలము గడచినది. రాష్ట్రప్రభుత్వము 2025లో ఆమోదించిన విధానములో జగ్గయ్యపేట–దొనకొండ ప్రాంతము క్షిపణులు, మందుగుండు సామగ్రి తయారీకి, కర్నూలు–ఓర్వకల్లు ప్రాంతము డ్రోనులకు ఉద్దేశింపబడినవి. కావున ఈ పరిశ్రమలో ప్రవేశించుచున్న క్రొత్త యంత్రములను గూర్చి పంచాయతీ సభ్యులకు కొంత తెలుపదలచితిమి.

ఇట్టి యంత్రము చేయు పనులు మూడు: చూచుట, పోల్చుట, కదలుట.

చూచు సాధనములు కృష్ణా తీరమునకు క్రొత్త కావు. 1926లో మచిలీపట్నమున వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరినది. చీకటిలో చూచుటకు సైన్యము వాడు సాధనములను ఆ శాఖ తయారుచేయుచున్నది.

పోల్చుటయే కృత్రిమ మేధ చేయు పని. వేలకొలది చిత్రములు చూపి, ఇది ట్రాక్టరు, ఇది యుద్ధశకటము అని యంత్రమునకు నేర్పుదురు. అది పోలికను పట్టునేగాని మనవలె విషయము నెరుగదు. పట్టా కప్పిన గడ్డివామి దానికి నేర్పిన చిత్రములలో లేనిచో, దానిని దాచియుంచిన శకటమని పొరబడవచ్చును.

ఇక కదలుట. మన రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘దక్ష్’ అను రోబో బాంబులను తొలగించును. దానిని మనుష్యుడు దూరమున నుండి నడుపును. 2025 జూలైలో కర్నూలు పరీక్షాక్షేత్రమున డ్రోను నుండి క్షిపణిని ప్రయోగించి పరీక్షించిరి.

యంత్రము బాంబును తొలగించునపుడు సైనికుని ప్రాణము దక్కును. పేల్చునది యైనపుడు పొరపాటునకు ఒకరి ప్రాణము పోవును. యంత్రము ఎవరికిని జవాబు చెప్పజాలదు. కావున పేల్చుమను ఆజ్ఞ మనుష్యునిదే కావలెనని మా అభిప్రాయము. ఇట్టి యంత్రములు నమ్మదగినవా యని పరీక్షించుటకు కేంద్ర రక్షణశాఖ 2024 అక్టోబరులో ఒక విధివిధానమును వెలువరించినది.

పంచాయతీల కర్తవ్యమేమి? యంత్రములకు నేర్పుటకు, వానిని పరీక్షించి బాగుచేయుటకు గణితము, విద్యుత్పరిజ్ఞానము గల యువతీయువకులు కావలెను. గ్రామములోని పిల్లలు ఉన్నత పాఠశాలతో చదువు ఆపక ఐ.టి.ఐ., పాలిటెక్నిక్కులలో చేరునట్లు చూడుడు. కర్మాగార ప్రతిపాదన వచ్చినచో ఊరికి దాని దూరమెంత, నీరెంత వాడును, స్థానికులకు ఏ ఉద్యోగములు లభించును అని గ్రామసభలో అడుగుడు.

పంచాయతీ కార్యాలయమునకును ఇదే సూత్రము. లబ్ధిదారుల జాబితాను యంత్రము వ్రాసినను, అర్హుడైన బీదవాని పేరు అందు లేనిచో జవాబు చెప్పవలసినవారు మీరే.