ఉపగ్రహ చిత్రాలలో మహావిమానాలు

1966 అక్టోబరులో కాస్పియన్ సముద్రం మీద ఒక వింత వాహనం మొట్టమొదటిసారి నీటిని విడిచి గాలిలోకి లేచింది. దాని పొడవు 92 మీటర్లు. రెక్కల విస్తారం మాత్రం 38 మీటర్లకు లోపే. ముందు భాగాన ఎనిమిది జెట్ ఇంజన్లు, తోక వద్ద మరి రెండు. నాటి సోవియట్ ప్రభుత్వం దీనిని గూర్చి లోకానికి ఒక్క మాట అయినా చెప్పలేదు. అయినప్పటికీ, ఎంతో కాలం గడవకముందే అమెరికా వారి నిఘా ఉపగ్రహం తీసిన చిత్రాలలో అది పట్టుబడింది. ఆ చిత్రాలను ముందు పెట్టుకొని కూర్చున్న విశ్లేషకులకు అది ఏమిటో అంతుబట్టలేదు. విమానమనుకొంటే ఆ రెక్కలు చాలవు. ఓడ అనుకొంటే దానికి రెక్కలెందుకు? చివరకు వారు దానికి 'కాస్పియన్ సముద్రపు రాక్షసి' అని పేరు పెట్టారు.

రాక్షసి అనే మాటలో కొలత లేదు, భయం ఉన్నది. ఆ వాహనానికి నిర్మాతలు పెట్టుకొన్న పేరు కె.ఎం.; అనగా రష్యన్ భాషలో 'నమూనా ఓడ' అని అర్థం. దానిని రూపొందించిన రొస్తిస్లావ్ అలెక్సేయెవ్ అంతకుముందు నీటి క్రింద రెక్కలుండే వేగపు పడవలను నిర్మించి పేరు గడించిన ఇంజనీరు. రెక్క నీటి ఉపరితలానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే సాగుతున్నప్పుడు రెక్కకూ నీటికీ మధ్య గాలి ఒత్తుకొని పరుపువలె మోస్తుంది. గాలి నిరోధం కూడా తగ్గుతుంది. కాబట్టి పొట్టి రెక్కలే చాలును. ఎత్తుకు ఎగరడం దాని పని కాదు. 544 టన్నుల బరువుతో కూడా అది నీటిని ఒరసుకొంటున్నట్లుగా పోగలిగేది. 1980లో ప్రమాదానికి గురై మునిగిపోయింది. మా ఉర్దూ విభాగపు విద్యార్థులు విమానాన్ని 'హవాయీ జహాజ్' అంటారు, అనగా గాలి ఓడ. ఆ మాట అక్షరాలా సరిపోయిన వాహనం మాకు తెలిసినంతలో ఇదే. నాటి విశ్లేషకులకు ఉర్దూ వచ్చి ఉంటే కొంత మేలు జరిగేదేమో!

ఇట్టి విషయం కళాశాల సంచికకు ఎందుకని కమిటీ పెద్దలు అడగవచ్చును. కారణం ఉన్నది. నాడు కొద్దిమంది నిపుణులకు మాత్రమే అందిన చిత్రాలు నేడు మన విద్యార్థుల చేతి ఫోనులలోకి వస్తున్నాయి. యుద్ధ వార్తల రోజులలో ఎవరో ఒక బూడిదరంగు చిత్రం మీద ఎర్రని వృత్తం గీసి, "ఇదిగో శత్రువు విమానం" అని పంపుతారు. సాయంత్రానికి ఆ చిత్రం ఊరంతా తిరుగుతుంది. ఒక వదంతి వలన ఎవరి ఇంటి తలుపు ముందుగా మూసుకోవలసి వస్తుందో ఈ కళాశాలలో చదివేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి చిత్రాన్ని చదివే విద్య మనకు రావలసి ఉన్నది.

మొదట తెలిసికోవలసినది గడి సంగతి. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గళ్ళతో ఏర్పడుతుంది. దీనినే పిక్సెల్ అంటారు. నేల మీద ఎంత భాగం ఒక గడిలో ఇముడుతుందో దానిని బట్టి చిత్రం స్పష్టత ఉంటుంది. ఉక్రెయిన్ వారి 'మ్రియా', అనగా ఏ.ఎన్. 225 అనే విమానాన్ని ఉదాహరణగా తీసికొందాము. రెక్కల విస్తారం 88.4 మీటర్లు, పొడవు 84 మీటర్లు, ఆరు ఇంజన్లు, ముప్పది రెండు చక్రాలు. 1988 డిసెంబరులో మొదట ఎగిరింది. మన దేశపు దూరగ్రాహక ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్. 1ఏ కూడా ఆ ఏటి మార్చిలోనే కక్ష్యను చేరింది. దాని మేలైన కెమెరాలో ఒక గడి 36 మీటర్లకు పైబడి ఉండేది. అంటే మ్రియా రెక్కలన్నీ కలిపి రెండున్నర గళ్ళు! అది విమానమో, గోదామో ఎవరూ చెప్పలేరు. నేడు ఎవరైనా ఉచితంగా చూడదగిన ఐరోపావారి సెంటినెల్ 2 చిత్రాలలో గడి 10 మీటర్లు; అందులో మ్రియా తొమ్మిది గళ్ళు పరచుకొని పెద్ద విమానమని అనిపిస్తుంది గాని ఇంజన్లు లెక్కకు రావు. 2019 నవంబరులో ప్రయోగించిన మన కార్టోశాట్ 3 గడి పాతిక సెంటీమీటర్లే. అట్టి చిత్రంలో అవే రెక్కలకు మూడు వందల ఏబది గళ్ళు దొరుకుతాయి.

ఇందులో ఒక మెలిక ఉన్నది. మ్రియాకు అన్న వంటిది ఏ.ఎన్. 124. దాని పొడవు 69 మీటర్లు, రెక్కలు 73.3 మీటర్లు. పొడవును రెక్కలతో భాగించి చూడండి. రెండింటికీ దాదాపు ఒకే నిష్పత్తి వస్తుంది. ప్రక్కన కొలబద్ద లేకపోతే చిన్నది దగ్గరగా ఉన్నదో, పెద్దది దూరంగా ఉన్నదో తెలియనట్లే ఉంటుంది. అప్పుడు ఇంజన్లను లెక్కించవలెను. ఒకదానికి నాలుగు, మరొకదానికి ఆరు. తోకను చూడవలెను, చిన్నదానికి ఒక్కటే నిలువు తోక, మ్రియాకు రెండు. 2016 మే నెలలో మ్రియా 117 టన్నుల జనరేటరును చెకోస్లోవేకియా విడిపోగా ఏర్పడిన చెక్ దేశపు ప్రాగ్ నుండి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు మోస్తూ దారిలో మన శంషాబాదు విమానాశ్రయంలో దిగింది. ఆనాడు దానిని చూడడానికి ఎగబడినవారికి ఈ రెండు తోకలే ముందుగా కంటబడి ఉంటాయి.

గడి తరువాత నీడ. మా దృష్టిలో ఈ విద్యకంతటికీ ప్రాణం ఇదే. పైనుండి నిట్టనిలువుగా చూచే కంటికి ఎత్తు కనబడదు. నీడ మాత్రం ఎత్తును నేల మీద పరచి చూపుతుంది. చిత్రం తీసిన వేళకు సూర్యుడు క్షితిజం నుండి ఎన్ని డిగ్రీల పైన ఉన్నాడో తెలిస్తే, ఆ కోణపు టాంజెంటుతో నీడ పొడవును గుణించగా ఎత్తు వస్తుంది. ఇంటర్మీడియెట్ త్రికోణమితికి ఇంతకంటె మంచి ఉపయోగం మాకు కనబడలేదు. మ్రియా తోక ఎత్తు 18.1 మీటర్లు. సూర్యుడు 45 డిగ్రీల మీద ఉంటే నీడ కూడా అంతే. 60 డిగ్రీల మీద ఉంటే పది మీటర్లు దాటి కొంచెం. 30 డిగ్రీల వద్ద ముప్పది ఒక్క మీటర్లు సాగుతుంది. కొందరికి చిత్రంలో ఎత్తైనవి గోతుల వలె తోస్తాయి. అప్పుడు చిత్రాన్ని తలక్రిందులు చేసి నీడలు మన వైపు పడేటట్లు పెట్టుకొంటే సరిపోతుంది.

నీడ మోసాన్ని కూడా పట్టి ఇస్తుంది. 2023లో రష్యాలోని ఎంగెల్స్ వైమానిక స్థావరపు చిత్రాలలో, విమానాలు నిలిపే గచ్చు మీద బాంబర్ల ఆకారాలను రంగుతో వేసి ఉండడం బయటపడింది. అవి టి.యు. 95 రకపు విమానాల బొమ్మలు. ఆకారం ఉన్నది, రెక్కల వాలు ఉన్నది, నీడ మాత్రం లేదు. మబ్బు పట్టిన రోజున అసలు విమానానికి కూడా నీడ పడదు కదా అని ఒక విద్యార్థిని మమ్ములను అడిగింది. మంచి ప్రశ్న. అందుచేతనే ఒక్క రోజు చిత్రంతో తీర్పు చెప్పరాదు. వేరువేరు తేదీల చిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టవలెను. అసలు విమానం ఏదో ఒకనాడు కదలుతుంది, రంగు కదలదు.

ఆ టి.యు. 95 కుటుంబానికే చెందిన విమానం ఒకటి మన సముద్ర తీరాననే ఉన్నది. విశాఖపట్నం బీచి రోడ్డులో ప్రదర్శనశాలగా నిలిపిన టి.యు. 142 అదే. భారత నౌకాదళం 1988లో చేర్చుకొని, జలాంతర్గాముల జాడ తీయడానికి 2017 మార్చి వరకు వాడిన విమానం. ఆ ఏడాది డిసెంబరులో ప్రదర్శనశాల ప్రారంభమైనది. అభ్యాసానికి ఇంతకంటె తగిన చోటు మరొకటి లేదు. ఏలననగా రహదారికి ఆవలి ప్రక్క ఇసుక మీద 2002 నుండి కుర్సురా జలాంతర్గామి ఉన్నది; దాని పొడవు సుమారు 91 మీటర్లు. ఉపగ్రహ చిత్రంలో ముందుగా కుర్సురాను గళ్ళలో కొలవండి. ఒక గడి ఎన్ని మీటర్లో వస్తుంది. ఆ కొలబద్దతో విమానాన్ని కొలిస్తే పొడవు 53 మీటర్ల దగ్గర, రెక్కలు 50 మీటర్ల దగ్గర రావలెను. మా విద్యార్థులలో కొందరికి 60 వచ్చింది. నీడను కూడా శరీరంలో కలిపి కొలిచినందున వచ్చిన పొరపాటది. నీడ ఎక్కడ మొదలవుతున్నదో చూపిన తరువాత వారే దిద్దుకొన్నారు.

ఆ విమానంలో మరొక వింత కలదు. రెక్కలు జెట్ విమానాల రెక్కల వలె బాగా వెనుకకు వాలి ఉంటాయి. సాధారణంగా పంకాలతో నడిచే విమానాల రెక్కలు ఇంత వాలుగా ఉండవు. కాబట్టి పైనుండి చూచినవారు "జెట్" అని తొందరపడతారు. దగ్గరగా చూస్తే రెక్కల అంచున ముందుకు పొడుచుకొని వచ్చిన నాలుగు సన్నని ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఎదురెదురు దిశలలో తిరిగే రెండేసి పంకాలు, మొత్తం ఎనిమిది. బి.ఎస్సీ. విద్యార్థులు విశాఖకు విహారయాత్ర వెళ్ళినప్పుడు ముందు చిత్రం చూచి, తరువాత విమానం క్రింద నిలబడి చూడవలెనని మా కోరిక. కమిటీవారు దయచేసి ఆలోచించవలెను.

ఎగురుతున్న విమానాల సంగతి వేరు. కొన్ని ఉపగ్రహాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒకే క్షణంలో కాక, అతి స్వల్ప వ్యవధి తేడాతో గ్రహిస్తాయి. నేల కదలదు కాబట్టి మూడు రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. విమానం మాత్రం ఆ వ్యవధిలోనే కొన్ని మీటర్లు ముందుకు జరుగుతుంది. అందువలన ఒక్క విమానమే మూడు రంగుల మూడు దయ్యాలుగా కనబడుతుంది. 2021లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు పొలాల మీద ఎగురుతూ ఒక బి 2 బాంబరు చిత్రానికి చిక్కినప్పుడు దాని అంచుల వద్ద ఇట్టి రంగుల చెదరుపాటే కనబడింది. రాడారుకు దొరకకుండా కట్టిన విమానం మామూలు సూర్యకాంతికి దొరికిపోయింది!

లెక్క తప్పినందువలన కలిగే భయానికి చరిత్రలో పెద్ద నిదర్శనం ఉన్నది. 1955లో మాస్కో దగ్గర తూషినోలో జరిగిన విమాన ప్రదర్శనలో సోవియట్ వారు కొత్త 'బైసన్' బాంబర్లను ఎగరవేశారు. ఒకసారి పోయిన విమానాలే కంటికి కనబడనంత దూరం పోయి, చుట్టి, మళ్ళీ వచ్చాయి. క్రింద నిలుచున్న విదేశీ ప్రతినిధులు రెండవసారి కూడా లెక్కించారు. అమెరికాలో పెద్ద కలవరం పుట్టి, బాంబర్లలో తాము వెనుకబడ్డామన్న వాదం బలపడింది. 1956 నుండి యు 2 అనే ఎత్తున ఎగిరే విమానం తీసిన చిత్రాలు వచ్చిన తరువాతగాని ఆ వందల బాంబర్లు లేనేలేవని తేలలేదు. తరువాతి కాలంలో ఆ పనిని ఉపగ్రహాలు అందుకొన్నాయి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన దృశ్యం అరిజోనా ఎడారిలో కనబడింది. 1991లో కుదిరిన ఆయుధ తగ్గింపు ఒప్పందం ప్రకారం అమెరికా వారు 365 బి 52 బాంబర్లను నాశనం చేయవలసి వచ్చింది. క్రేనుకు వ్రేలాడదీసిన బరువైన ఉక్కు కత్తిని జారవిడిచి రెక్కలను, తోకను, శరీరాన్ని ఖండించారు. ఆ ముక్కలను వెంటనే తీసివేయలేదు. ఎదుటి పక్షపు ఉపగ్రహాలు పైనుండి చూచి నిజమేనని తేల్చుకొనుటకై తొంబది దినాలు ఆరుబయట అట్లాగే ఉంచారు. ఉపగ్రహం నిఘా కన్ను మాత్రమే అని తలచేవారు ఈ తొంబది దినాలను గుర్తుంచుకొనవలెను. రెండు పక్షాలు ఒకరి మాట ఒకరు నమ్మని చోట నేల మీది ముక్కలే సాక్ష్యం చెప్పాయి.

ఇక మ్రియా కథ మిగిలి ఉన్నది. 2022 ఫిబ్రవరి 24న కీవ్ నగరం దగ్గరి హోస్టోమెల్ విమానాశ్రయంలో యుద్ధం మొదలైనప్పుడు అది మరమ్మతుల కోసం అక్కడి హ్యాంగరులో ఉన్నది. లోకమంతా ఉపగ్రహ చిత్రాల కోసం ఎదురుచూచింది. వచ్చిన చిత్రాలలో హ్యాంగరు కప్పు దెబ్బతిన్నట్లు కనబడింది. ఫిబ్రవరి 27న ఉక్రెయిన్ ప్రభుత్వం విమానం నాశనమైనదని ప్రకటించింది. కాని కప్పు క్రింద ఏమి మిగిలినదో పైనుండి చూచిన ఏ చిత్రమూ పూర్తిగా చెప్పలేకపోయింది. రెక్కలు మిగిలాయని కొందరు, అంతా బాగానే ఉన్నదని మరికొందరు వ్రాశారు. మార్చి మొదటి వారంలో నేల మీద నిలబడి తీసిన చిత్రాలు వచ్చాయి. ముక్కు భాగం, నడుము భాగం కాలిపోయి కూలి ఉన్నవి. ఆరేళ్ళ క్రితం శంషాబాదులో దిగిన విమానం అదే.