జారిన మన్ను ఎంతదూరము పోవును?

కొండచరియలు విఱిగిపడిన వార్తలు వర్షకాలమున తఱచుగా వినవచ్చుచుండును. కొండ ఎంత ఎత్తైనదైన మన్ను అంతదూరము పోవునని పలువురు తలంతురు. ఎత్తును, వాలును ముఖ్యములే. కాని ఒకే వాలుననున్న రెండు మట్టిరాసులలో ఒకటి కొలది అడుగులు జారి నిలిచిపోవచ్చును. మఱియొకటి ఏఱువలె పాఱి ఊరిని ముంచివేయవచ్చును. ఈ భేదమునకు మట్టి స్వభావమే ముఖ్యకారణమని మేము విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

మట్టిలో రేణువులేగాక వాని నడుమ సందులును గలవు. వానకాలమున అవి నీటితో నిండును. రేణువులు ఒకదానినొకటి ఒత్తుకొనుటవలన గలుగు ఒరపిడియే మట్టిని నిలుపును. వదులైన మన్ను కదలగానే అణగును. సందులలోని నీరు వెంటనే వెలువడలేక రేణువుల భారమును తానే మోయును. అప్పుడు ఒరపిడి తగ్గి, మన్ను ద్రవమువలె పాఱును. గట్టిపడిన మన్ను కదలునప్పుడు సందులు పెద్దవై నీటిని పీల్చుకొనును. రేణువులు మఱింత బిగిసికొనును. సముద్రతీరమున తడియిసుకపై అడుగిడినప్పుడు పాదము చుట్టునున్న యిసుక క్షణకాలము పొడిబాఱుటకు కారణమిదియే.

అమెరికాలో ఐవర్సన్ మొదలగు శాస్త్రజ్ఞులు 95 మీటర్ల పొడవుగల కాంక్రీటు కాలువయందు దీనిని పరీక్షించి, ఫలితములను 2000 సంవత్సరమున ప్రకటించిరి. సందుల పరిమాణము నూటికి సుమారు 50 పాళ్లున్న ఇసుకమన్ను ఒక్క సెకండులోనే సెకండుకు 1 మీటరు వేగమును మించెను. సుమారు 40 పాళ్లున్నది ఆగియాగి మెల్లగా జారెను.

ఈ భేదమెంత ఘోరమైనదో వేల్సు దేశమందలి అబర్‌ఫాన్ గ్రామము చూపినది. అచ్చట బొగ్గుగని వ్యర్థములను కొండవాలున నీటియూటలపై 111 అడుగుల ఎత్తు దిబ్బగా పోసిరి. 1966 అక్టోబరు 21వ తేది ఉదయము, బడి ఆరంభమైన కొలదిసేపటికే, ఆ వదులైన తడిదిబ్బ జారి, ద్రవమై, దిగువనున్న పాఠశాలను ముంచెను. 116 మంది పిల్లలును, 28 మంది పెద్దలును మరణించిరి. ఇది తప్పింపదగిన ఆపదయేయని 1967లో విచారణసంఘము తీర్పు చెప్పెను.

బంకమట్టిలో మఱియొక చిత్రము గలదు. నార్వేలోని కొన్ని బంకనేలలు పూర్వము ఉప్పునీటిలో పేరుకొన్నవి. తరువాత ఉప్పు కడుగుకొనిపోగా, అవి కదిలిన మాత్రముననే పలుచనగును. 1978 ఏప్రిలు 29న రిస్సాయందు, పశువులశాలకై త్రవ్విన మన్ను సరస్సు ఒడ్డున పోయుటతో ఆరంభమైన జారుడు, వాలు స్వల్పమే యైనను, సుమారు 33 హెక్టారుల నేలను హరించెను.

జారిన మన్ను దారిలోని తడిమట్టిని, రాళ్లను కలుపుకొని పెరుగుటయు గలదు. 2024 జూలై 30న కేరళములోని వయనాడునందు బురద వాగు వెంబడి సుమారు 8 కిలోమీటర్లు పాఱినట్లు హైదరాబాదు జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహచిత్రములవలన తెలిపెను.

కావున కొండకు దూరముగానున్నామన్న ధైర్యము చాలదు. పైనున్న మన్ను వదులైనదా, ఊటలున్నవా, నీరు పోవు త్రోవ యున్నదా యని విచారింపవలయును. ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును మన పిల్లలెల్లరు ఎఱుగుదురు. తన యింటి క్రింది నేలనేగాక, పైనున్న నేలనుగూడ పరీక్షించువాడే వివేకి.