ఔటర్లో ఆగిన థీసిస్

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాళ్లకు ‘ఔటర్’ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. స్టేషను కనిపిస్తూనే ఉంటుంది, సిగ్నలే పడదు. పీహెచ్‌డీ ఆరో ఏట సెలవులకి ఇంటికొస్తే, గార్డుగా రిటైరైన నాన్న అడిగింది ఒక్కటే: “ఇంకా ఔటర్లోనేనా?”

నేను చదివింది వేరే ఊళ్లో. అయినా ఇక్కడ ఐఐటీ పక్కన ప్రేమ్‌బజార్ టీ కొట్ల దగ్గర రీసెర్చ్ స్కాలర్ల నోట విన్నదీ నా పాటే: “ఈ డిసెంబరుకి సబ్మిట్ చేసేస్తా.” ఏ డిసెంబరో ఎవరూ అడగరు.

1994లో రోజర్ బ్యూలర్ బృందం కెనడాలో డిగ్రీ థీసిస్ రాస్తున్న సైకాలజీ విద్యార్థులను ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితేనో అంటే 49. పట్టింది 55కి పైనే! మన పీడకల కూడా ఆశావాదే అన్నమాట.

రైల్వే అలా లెక్కేయదు. వర్కింగ్ టైమ్‌టేబుల్లో ట్రాక్ పనుల కోసం ఇంజినీరింగ్ అలవెన్స్ అని, ఆలస్యం పూడ్చుకోవడానికి రికవరీ టైమ్ అని ముందే కొన్ని నిమిషాలు కలిపి ఉంచుతారు. నా ప్లానులో మిషను చెడిపోవడానికి చోటు లేదు, రివ్యూయర్ నెలల తరబడి పలక్కపోవడానికి లేదు, చెల్లి పెళ్లికీ లేదు. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్లదాకా గడువిస్తాయి. జేఆర్ఎఫ్ డబ్బులు మాత్రం ఐదేళ్లకే ఆగిపోతాయి. ఆ తర్వాత పొట్టకూటికి ఉద్యోగంలో చేరితే థీసిస్ ఆదివారాల పనవుతుంది.

ఇవన్నీ నిజాలే. కానీ నాన్న దగ్గర ఇవి చెల్లలేదు. “లేటయింది అని రాస్తే గార్డు రిపోర్టు కాదురా. ఎక్కడ, ఎన్ని నిమిషాలు, ఎందుకు? అది రాయాలి,” అంటూ పాత డైరీ ఒకటి చేతిలో పెట్టారు.

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. మొదటి వారంలో గైడు ఖాతాలో పడింది ఒక పూట, కరెంటు ఖాతాలో రెండు గంటలు. మిగతాదంతా నా చేతిరాతలో ఇలా ఉంది:

‘సోమ: 3 గంటలు. గ్రాఫు రంగులు మార్చడం.
మంగళ: 4 గంటలు. ఇంకొక్క పేపరు చదివి రాద్దామని.
బుధ: రోజంతా. మూడో చాప్టరు ఫైలు తెరవడానికి భయం.’