తెర మీది మాట చదివేవాళ్లు

ఎప్‌సెట్ దరఖాస్తుల గడువు దగ్గర పడిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నెట్ సెంటర్లు పిల్లలతో, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులతో కిటకిటలాడతాయి. సరిగ్గా అప్పుడే ఏదో ఒక కంప్యూటర్ మొరాయిస్తుంది. నిన్నటిదాకా చక్కగా తెరుచుకున్న వెబ్‌సైట్లన్నీ కనెక్షన్ సురక్షితంగా లేదంటూ ఆగిపోతాయి. మొదటి అనుమానం నెట్ మీదికి పోతుంది, రెండోది వైరస్ మీదికి. రౌటర్ ఆపి వేస్తారు, కేబుల్ పీకి పెడతారు, ఆఖరికి విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించడానికి సిద్ధపడతారు.

పాత డెస్క్‌టాప్ అయితే ముందు చూడాల్సింది తెర అడుగున, కుడి మూలన ఉండే తేదీ. అది ఎన్నో ఏళ్ల కిందటి రోజు చూపిస్తోందంటే దొంగ దొరికినట్టే. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల గుండ్రటి సెల్ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది నీరసిస్తే, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. ప్రతి వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్‌కూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తేదీ ఆ గడువు మొదలవకముందే ఉంటే బ్రౌజర్ దాన్ని నమ్మదు. సెల్ మార్చి తేదీ సరిచేస్తే చాలు. క్రోమ్ లాంటి బ్రౌజర్ అయితే మీ గడియారం వెనకబడిందని చాలాసార్లు తెర మీదే చెబుతుంది కూడా.

ఆ వాక్యం చదివేవాళ్లు తక్కువ.

ఓర్పు, ధైర్యం, ఏకాగ్రత పెంచుకోవాలని వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో చెబుతారు. ఎలా పెంచుకోవాలో చెప్పే దగ్గరికి వచ్చేసరికి మాటలు పలచబడతాయి. చెడిపోయిన కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఈ మూడూ అక్కడికక్కడే అవసరమవుతాయి. ఎర్రటి గుర్తుతో సందేశం రాగానే చేయి తనకు తెలియకుండానే 'ఓకే' బటన్ మీదికి పోతుంది. దాన్ని ఒక్క క్షణం ఆపి, సందేశం పూర్తిగా చదివి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవడం నేర్చుకున్నవాడు సగం పని చేసినట్టే. భయపడిన మనసు ముందు ఏదో ఒకటి నొక్కమంటుంది. ఆ తొందరను నిలవరించడమే ఇక్కడ అసలు సాధన.

రెండో అలవాటు ఇంకా కష్టమైనది: ఒకసారికి ఒక్క మార్పే చేయడం. ఉదాహరణకు మిర్యాలగూడ చూడండి, రైస్ మిల్లులకు పేరున్న ఊరు. మిల్లు ఆఫీసులో దుమ్ము మధ్య నడిచే కంప్యూటర్ ఒకరోజు ఆన్ చేస్తే బీప్ బీప్‌మని కూస్తుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే తరచూ లేస్తుంది. అదే మనిషి హడావుడిలో ర్యామ్ తుడిచి, ఎస్‌ఎంపీఎస్ మార్చి, కేబుళ్లన్నీ కొత్తవి వేస్తే, కంప్యూటర్ లేచినా దేని వల్ల లేచిందో తెలియదు. డబ్బూ పోయింది, పాఠమూ పోయింది.

సొంతంగా బ్లాగు నడిపేవాళ్లకు ఇదే గుణం వేరే రూపంలో పనికొస్తుంది. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2003 మే 27న విడుదలైంది. దానికి ప్లగిన్లు తగిలించుకుంటూ పోయినవాళ్లకు ఏదో ఒక రోజు పేజీ మొత్తం తెల్లగా కనిపించి గుండె ఝల్లుమంటుంది. 20 ప్లగిన్లు ఉన్నాయనుకుంటే, ముందు 10 ఆపి చూడాలి. పేజీ వచ్చిందంటే తప్పు ఆపిన పదింటిలో ఉంది, రాలేదంటే మిగిలిన పదింటిలో. దాన్ని మళ్లీ సగం చేయాలి. తప్పు ఒక్క ప్లగిన్‌దే అయితే ఎక్కువలో ఎక్కువ 5 సార్లలో దొరుకుతుంది. సందేహాన్ని ఇలా సగం సగం చేసుకుంటూ పోవడం తెలిసినవాడు ఇంట్లో ఖర్చులు పెరిగినా, వ్యాపారంలో నష్టం వచ్చినా, అందరినీ ఒకేసారి తిట్టడు.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తది కాదు. నెట్‌లో తెలుగు నిలబడిందే దీనివల్ల. ఇరవై ఏళ్ల కిందట విండోస్ ఎక్స్‌పీలో తెలుగు పేజీ తెరిస్తే చాలామందికి అక్షరాల బదులు డబ్బాలో, విడిపోయిన ఒత్తులో కనిపించేవి. గౌతమి ఫాంటు అందులోనే ఉన్నా, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి భారతీయ లిపుల తోడ్పాటును విడిగా ఎక్కించుకోవాలి, అందుకు ఎక్స్‌పీ సీడీ కావాలి. మరోపక్క డీటీపీ సెంటర్లలో పెళ్లి కార్డులు, వ్యాసాలు ఎక్కువగా అను ఫాంట్లలో తయారయ్యేవి. అలా టైపు చేసిన వ్యాసాన్ని తీసుకొచ్చి బ్లాగులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించేది. అను లాంటి పాత ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. యూనికోడ్ తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 సొంత స్థానాలు ఇచ్చింది. రెండింటికీ పొత్తు కుదరదు.

ఆ చిక్కును విప్పినవాళ్లు జీతానికి కాదు, ఇష్టంతో చేశారు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో నాంది పలికిన వెన్న నాగార్జున 'పద్మ' అనే మార్పిడి పరికరాన్ని తయారుచేశారు. పాత ఫాంట్లలో ఉన్న పత్రికల వెబ్‌సైట్లను యూనికోడ్‌లో చదువుకునే వీలు దానితో వచ్చింది. 2006 ప్రాంతంలో వీవెన్ అందించిన 'లేఖిని'లో ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయగలిగారు, ఆయన 'కూడలి' తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చింది. ఈ-తెలుగు సంస్థ కార్యకర్తలు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు ఎలా చూడాలో, ఎలా రాయాలో వచ్చినవాళ్లందరికీ చూపించారు. 'కంప్యూటర్ ఎరా' పత్రిక సంపాదకుడిగా నల్లమోతు శ్రీధర్ పాఠకుల సాంకేతిక సందేహాలకు ఏళ్లపాటు తెలుగులో జవాబులు చెప్పారు. ఆయన మనిషి మనసు గురించి, వ్యక్తిత్వం గురించి కూడా రాయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఓర్పుగా విడదీసి చూడటానికి మంచి ఉదాహరణ ఒకటి మన అక్షరం చుట్టూనే జరిగింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అది 'జ్ఞా'. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ మాత్రం దాన్ని ముక్కలు చేసి చూశారు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విభజన గుర్తు, చివర దీర్ఘం. ఒక్కో ముక్కను మారుస్తూ పోతే, మామూలుగా రాసే 'జ్ఞా' వల్ల ఏ ప్రమాదమూ లేదని, కనిపించని ఆ గుర్తు చేరినప్పుడే చిక్కు వస్తోందని తేలింది. ఇలాంటి అమరికే ఉంటే దేవనాగరి, బెంగాలీ అక్షరాలు కూడా ఫోన్‌ను కూలుస్తాయని ఆయన వివరంగా రాసి అందరి ముందూ పెట్టారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

మనీష్ కనుక్కుని ఊరుకోలేదు, రాశారు. మన ఊళ్లలో వెలితి ఉన్నది ఇక్కడే. కంప్యూటర్ల రిపేరుకు మనవాళ్లు వెళ్లే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పనివాళ్ల చేతుల్లో ఉన్న విద్య అపారం. అందులో కాగితం మీదికి ఎక్కింది చాలా తక్కువ. సూర్యాపేట నుంచి నూట ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, కోదాడ నుంచి ఇంకా దూరం వచ్చి, ఆ కౌంటర్ ముందు నిలబడిన మనిషికి దొరికే జవాబు తిరిగి ఊరికి వచ్చేసరికి ఒక బిల్లుగా మాత్రమే మిగులుతుంది. రాసుకుంటే జ్ఞాపకం గట్టిపడుతుంది. తనకు ఎంతవరకు తెలుసో, ఎక్కడ ఊహిస్తున్నాడో రాసేవాడికే ముందు తెలుస్తుంది. నలుగురూ చదువుతారని తెలిసినప్పుడు మాటలో నిజాయితీ కూడా పెరుగుతుంది.

కాబట్టి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, రిపేరు షాపులు నడిపే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మనవి. ఈ వారం మీరు బాగుచేసిన ఒక్క సమస్యను తెలుగులో రాసి పెట్టండి. తెర మీద వచ్చిన సందేశం ఉన్నది ఉన్నట్టుగా, కంప్యూటర్ వివరాలు, మీరు చేసి చూసినవి, వాటిలో పనిచేయనిది ఏది, పనిచేసింది ఏది. ఒక్క పేరా చాలు. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు మాత్రం అందులో రానివ్వకండి.