మల్లెపాదులో పందికొక్కు బొరియలు

ప్రశ్న: మా పెరట్లో అయిదేళ్ల మల్లెపొదలు మూడున్నాయి. బలానికని వంటింటి చెత్త, ఎముకల పొడి పాదుల్లోనే కప్పెడుతున్నాం. ఇప్పుడు పందికొక్కులు వేళ్ల కిందే బొరియలు తవ్వుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెత్తను, ఎముకల పొడిని పాదులో పెట్టి పందికొక్కులను మీరే పిలుస్తున్నారమ్మా. ముందు అది ఆపండి. చెత్త మూత ఉన్న డబ్బాలో బాగా కుళ్లాకే మొక్కకు చేరాలి. మల్లెకు ఏడాది పొడుగునా మేపు అక్కర్లేదు. చలికాలంలో కొమ్మలు కత్తిరించాక పొదకు సుమారు 10 కిలోల చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి. పూత అయ్యాక, జూన్–జులైలో మరోసారి కాస్త ఎరువు చాలు. ఆముదం పిండి మాత్రం వద్దు. కుక్క తింటే ప్రాణాంతకం.

ఇక బొరియలు. సాయంత్రం అన్నిటినీ మట్టితో మూసేయండి. తెల్లారేసరికి తెరుచుకున్నవాటిలోనే పందికొక్కులున్నట్టు. ఆ బొరియల ముందు ఎండుచేప ముక్క ఎరగా బోను పెట్టండి. మందు పెట్టక తప్పకపోతే 0.005 శాతం బ్రోమాడియోలోన్ బిళ్లలను బొరియ లోపలే పెట్టి మూయాలి, ఆరుబయట కాదు. జింక్ ఫాస్ఫైడ్ ఇళ్ల మధ్య వాడకపోవడమే నా సలహా.

ఖాళీ అయిన బొరియల్లో మట్టి కూరి నీళ్లు పోయండి. లోపల గుల్లగా ఉంటే వేళ్లకు తేమ అందక, ఎంత ఎరువు వేసినా పొద వాడిపోతుంది. ఎలుక జ్వరం భయం ఉంది కనుక తొడుగులు లేకుండా ఆ మట్టిలో చేయి పెట్టకండి.